గట్టిగా అరిచినవాడికే ముందు కడతాం: అప్పు, భయం, ఫోన్ కాల్

అప్పుల్లో కూరుకుపోయిన మనిషిని పట్టుకుని మొత్తం బాకీ ఎంత అని అడిగి చూడండి, చాలామంది లెక్క చెప్పలేరు, ఏదో ఉందిలెండి అని దాటేస్తారు. అదే నిన్న ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎవడు ఏ మాటన్నాడు, ఎన్నింటికి అన్నాడు అంటే మాత్రం పూసగుచ్చినట్టు చెప్తారు. నేనూ అంతే. ఆరు చోట్ల బాకీ ఉన్న రోజుల్లో మొత్తం ఎంతో నాకు తెలీదు, కానీ మధ్యాహ్నం రెండు దాటగానే ఫోన్ చేసే ఒకాయన గొంతు ఇప్పటికీ ఎక్కడ విన్నా గుర్తుపడతాను. అంటే నా బుర్రలో అప్పు ఒక గొంతులాగా కూర్చుంది, అంకెకి అసలు చోటే లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. చేతిలో ఉన్నది కొంచెం, అడిగేవాళ్ళు నలుగురు అనుకుందాం, ఎవరికి ముందు కడతాం? పద్ధతిగా ఐతే వడ్డీ ఎక్కువున్నదానికో, కట్టకపోతే ఇల్లు పోయేదానికో కట్టాలి. జరిగేది వేరు, ఎవడు ఎక్కువ భయపెట్టాడో వాడికి పోతుంది ఆ డబ్బు. పొద్దున్నుంచి ఏడుసార్లు చేసినవాడి నోరు మూయించడానికి కట్టేస్తాం, వాడి వడ్డీ అన్నిట్లోకీ తక్కువైనా సరే. అప్పిచ్చినవాళ్ళకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఒకే మనిషి దగ్గర నలుగురు వసూలు చేసుకోవాల్సి వస్తే వాళ్ళలో వాళ్ళకి పోటీ ఉంటుంది, మన జేబులోది అందరికీ చాలదని తెలుసు కాబట్టి లైన్లో ముందుకు దూరడానికి ఉన్న చవకైన దారి గొంతు పెంచడం. అందుకే నేను 'ముందు డబ్బు సంగతి చూద్దాం, మనసు సంగతి తర్వాత' అనే మాట ఒప్పుకోను. పర్సు భయం చేతిలో ఉన్నంతకాలం ఎంత సంపాదించినా అది తప్పు చోటికే పోతుంది, మనసు కాస్త కుదుటపడితేనే డబ్బు దారిలోకి వస్తుంది.

ఆ గొంతు వెనకాల ఏముందో తెలిస్తే సగం భయం దిగిపోతుంది, కనీసం నాకు దిగింది. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సోషియాలజిస్ట్, ఉద్యోగం కోసం ఫీలింగ్స్ తెచ్చిపెట్టుకోవాల్సి రావడం గురించి 1983లో రాస్తూ రెండు ఉద్యోగాలని పక్కపక్కన పెట్టింది, ఒకటి విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌లది, రెండోది బాకీలు వసూలు చేసేవాళ్ళది. మొదటివాళ్ళు తాము నిజంగా ఉన్నదానికన్నా తియ్యగా కనపడాలి, రెండోవాళ్ళు తాము నిజంగా ఉన్నదానికన్నా కరుగ్గా కనపడాలి, రెండిటికీ జీతమే కారణం. తర్వాత 1991లో రాబర్ట్ సటన్ అనే ఆయన ఒక వసూళ్ళ సంస్థలో పని దగ్గరగా చూసి రాసింది ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ ఉద్యోగిని ఎంచుకోవడం, ట్రైనింగ్ ఇవ్వడం, మెచ్చుకోవడం అన్నీ ఒకే దాని చుట్టూ తిరుగుతాయి, అవతలి మనిషికి 'ఇది అర్జెంట్' అనిపించేలా కొద్దిగా చిరాకు కలిపిన గొంతుతో మాట్లాడటం. అంతేకాదు, బాకీదారు ఎలా మాట్లాడుతున్నాడో చూసి గొంతు మార్చుకోవాలి, వాడు కోపంగా అరుస్తుంటే వీళ్ళు చల్లగా ఉండాలి. ఇదంతా చదివాక నాకు ఆ మధ్యాహ్నం రెండు గంటల ఆయన గుర్తొచ్చాడు. ఆయనకి నా మీద నిజంగా కోపం లేదు, ఉండాల్సిన పని కూడా లేదు, నాతో మాట్లాడి పెట్టేసి అదే నిమిషంలో ఇంకో నంబర్ నొక్కి అదే చిరాకు వాళ్ళకి కూడా వడ్డిస్తాడు. నేను మాత్రం ఆ చిరాకు రాత్రి దాకా మోసేవాణ్ణి.

(ఏజెంట్లందరూ పాపం అమాయకులు అని చెప్పట్లేదు, హద్దు దాటేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళ సంగతి కింద వస్తుంది.)

ఇప్పుడు బుర్రలో ఏం జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే అప్పుల్లో ఉన్నప్పుడు మనం తీసుకునే కొన్ని నిర్ణయాలు తర్వాత చూసుకుంటే మనకే నమ్మబుద్ధి కాదు. 2013లో ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. మనిషి అదే, చదువు అదే, అయినా డబ్బుకి కటకటలాడే రోజుల్లో బాగా తక్కువ చేశాడు, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. అమెరికాలో న్యూజెర్సీలో ఒక షాపింగ్ మాల్‌లో కూడా చేశారు, మీ కారు రిపేర్‌కి ఇంత అవుతుంది ఎలా సర్దుతారు అని ముందు ఆలోచనలో పెట్టి ఆ తర్వాత పరీక్ష ఇస్తే, రిపేర్ ఖర్చు చిన్నదైనప్పుడు పేదా ధనికా సమానంగా చేశారు, ఖర్చు పెద్దదని చెప్పేసరికి పేదవాళ్ళ మార్కులు పడిపోయాయి. నిజం కారు కాదు, నిజం ఖర్చు కాదు, ఉత్త ఊహే. ఒక రాత్రంతా నిద్ర లేకపోతే బుర్ర ఎంత మందగిస్తుందో అంతకి పోల్చదగ్గ తేడా అన్నారు వాళ్ళు.

కాబట్టి 'నాకు బుద్ధి లేదు, నాకు డబ్బు నిలవదు, నేనింతే' అని తిట్టుకునేవాళ్ళు కాస్త ఆగండి. లోపల ఒక మూల ఆగకుండా లెక్కలు నడుస్తూనే ఉంటాయి, ఒకటో తారీకు ఎవరిది, ఐదున ఎవరిది, వాడికి ఏం చెప్పాలి, వీడికి ఏం చెప్పాను, అది నడుస్తున్నంతసేపు మిగతా పనికి బుర్ర మిగలదు. పిల్లల మీద అరుస్తాం, ఆఫీసులో చిన్న తప్పులు చేస్తాం, కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తాం.

దీనికి ఇంకో కోణం సింగపూర్ నుంచి వచ్చింది, 2019లో. అక్కడ ఒక సేవా సంస్థ ఏళ్ళ తరబడి బాకీల్లో ఉన్న తక్కువ ఆదాయం కుటుంబాలకి అప్పు తీర్చి సాయం చేస్తే, పరిశోధకులు 196 కుటుంబాలవాళ్ళని సాయానికి ముందూ తర్వాతా పరీక్షించారు. ఆందోళన తగ్గింది, పరీక్షలో తప్పులు తగ్గాయి, అది ఊహించేదే. ఊహించనిది ఏంటంటే ఎంత మొత్తం తీరింది అనేదానికన్నా ఎన్ని ఖాతాలు పూర్తిగా మూతపడ్డాయి అనేది ఎక్కువ పనిచేసింది. ఒకటే పెద్ద బాకీ ఉన్నవాడికన్నా అదే మొత్తం ఐదు చోట్ల ఉన్నవాడి బుర్ర ఎక్కువ నలుగుతుంది, ఎందుకంటే ఐదు తారీకులు, ఐదు గొంతులు, ఐదు అబద్ధాలు గుర్తుపెట్టుకోవాలి. చిన్న బాకీలు ముందు మూసెయ్యాలా, వడ్డీ ఎక్కువున్నది ముందు కొట్టాలా అనే పాత గొడవ ఒకటుంది కదా, లెక్క ప్రకారం రెండోదే రైటు, అందులో డౌట్ లేదు. కానీ నిద్ర పట్టని మనిషికి ఒక చిన్న ఖాతా మూసేసి ఒక గొంతు తగ్గించుకోవడం కూడా ఖర్చుకి తగ్గ పనే అని నా అభిప్రాయం, ఒకటో రెండో అలా మూసి ఊపిరి తీసుకుని తర్వాత వడ్డీ లెక్క పట్టుకోవచ్చు.

ఇక తప్పించుకు తిరగడం. కవరు విప్పం, మెసేజ్ తెరవం, తెలియని నంబర్ ఐతే ఫోన్ బోర్లా పెట్టేస్తాం. దీనికి, ఆపద వస్తే ఇసుకలో తల దాచుకుంటుందని చెప్పుకునే ఉష్ట్రపక్షి పేరు పెట్టారు ఆర్థికశాస్త్రంవాళ్ళు, మార్కెట్ పడినప్పుడు జనం తమ పెట్టుబడి ఖాతాలు తెరిచి చూసుకోవడమే తగ్గించేస్తారని జార్జ్ లోవెన్‌స్టైన్ వాళ్ళు 2009లో చూపించారు. డబ్బున్నవాళ్ళకే చూడబుద్ధి కాకపోతే మనమెంత. కాకపోతే ఒక తేడా ఉంది, చూడకుండా ఉంటే మనసుకి విశ్రాంతి దొరుకుతుందనుకుంటాం, దొరకదు, విప్పని కవర్లో ఉన్నది విప్పినదానికన్నా ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. నేను చివరికి లెక్క రాసుకున్న రోజు నా భయంలో ఉన్న మొత్తం కన్నా కాగితం మీద మొత్తం తక్కువ వచ్చింది, చాలా తక్కువేం కాదు, కానీ తక్కువే. ఆ పని ఒంటరిగా కూర్చుని చెయ్యలేకపోయాను, పక్కన ఒక ఫ్రెండ్ కూర్చున్నాడు, వాడు ఏమీ చెయ్యలేదు, కవర్లు విప్పి ఇచ్చాడంతే.

రాసుకున్నాక కూడా రోజంతా అదే ఆలోచన తిరుగుతుంటుంది, దానికి ఒక పాత చిట్కా ఉంది. 1983లో థామస్ బోర్కోవెక్ బృందం ఆందోళన ఎక్కువున్నవాళ్ళకి చెప్పింది ఏంటంటే, రోజుకి అరగంట, ఒకే టైమ్, ఒకే చోటు, దిగులు పడటానికే కేటాయించుకోండి, మిగతా టైంలో దిగులు వస్తే 'నీ టైమ్ సాయంత్రం' అని వాయిదా వెయ్యండి అని. వినడానికి జోక్‌లా ఉంటుంది కానీ దిగులు తగ్గింది. అప్పులవాళ్ళకి ఇది భలే సరిపోతుంది, మనకి వాయిదాలు అలవాటే కదా. ఆ అరగంటలోనే మెసేజ్‌లు చూడటం, కాల్స్ తిరిగి చెయ్యడం, లెక్క రాసుకోవడం, అది దాటితే మూసెయ్యడం. పడుకునే ముందు మాత్రం ఆ అరగంట పెట్టుకోకండి.

సిగ్గు గురించి చెప్పకుండా ఈ విషయం తెగదు. మన భాషలోనే చూడండి, డబ్బు బాకీకీ కృతజ్ఞతకీ ఒకటే మాట, మీకు రుణపడి ఉంటాను అంటాం, తల్లి రుణం తీరదు అంటాం. జర్మన్‌లో ఐతే అప్పుకీ అపరాధానికీ 'షుల్డ్' అనే ఒకటే మాట. కట్టలేని వాయిదా ఒకటి తప్పితే మనిషిగానే తప్పినట్టు ఫీలవుతాం, దాన్ని వసూలు చేసేవాళ్ళు బాగా వాడుకుంటారు, 'తీసుకునేటప్పుడు లేదా ఈ సిగ్గు' అనే మాట విననివాళ్ళు ఉండరు. ఈ సిగ్గు ఎంత లోతుకి దిగుతుందో చెప్పాలంటే చార్లెస్ డికెన్స్‌ని చూడాలి. 1824లో వాళ్ళ నాన్న జాన్ డికెన్స్‌ని బాకీ కట్టలేదని లండన్‌లో మార్షల్‌సీ జైల్లో పెట్టారు, పన్నెండేళ్ళ చార్లెస్ బూట్ల నల్లరంగు తయారుచేసే చోట పనికి వెళ్ళాడు. ప్రపంచమంతా పేరొచ్చాక కూడా ఆయన ఆ సంగతి లోకానికి చెప్పలేదు, 1870లో ఆయన పోయాక స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాస్తేనే జనానికి తెలిసింది. అప్పు ఆయనది కాదు, అప్పటికి పిల్లాడు, అయినా జీవితాంతం దాచుకున్నాడు.

ఆ రోజులు ఇప్పుడు లేవు. చేసుకున్న ఒప్పందం ప్రకారం కట్టలేకపోయాడు అన్న ఒక్క కారణంతో ఎవర్నీ జైల్లో పెట్టకూడదని 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక పదకొండో అధికరణంలో రాసుంది. మోసం చేసి తీసుకోవడం, చెక్ బౌన్స్ అవ్వడం లాంటివి వేరే కథ, వాటికి వేరే చట్టాలుంటాయి. కానీ మామూలుగా కట్టలేకపోయినవాణ్ణి పట్టుకుని 'రేపు పోలీసులొస్తారు' అంటే అది చాలావరకు గొంతే, వెనకాల ఏమీ ఉండదు. నిజం నోటీసుకి మాత్రం భయపడి పారిపోకుండా తారీకు చూసి జవాబివ్వాలి, కోర్టు కాగితాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే మన మాట వినకుండానే తీర్పు వచ్చే ప్రమాదం ఉంది.

వసూలు చేసేవాళ్ళకి కూడా రూల్స్ ఉన్నాయి, దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో 1977 చట్టం ప్రకారం వసూళ్ళ ఏజెన్సీలు మామూలుగా పొద్దున ఎనిమిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యకూడదు. ఇండియాలో రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశంలో బాకీ పడ్డ లోన్ల వసూలుకి పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఏడు తర్వాత కాల్ చెయ్యకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో పరువు తియ్యకూడదని ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 నుంచి 'బ్రీతింగ్ స్పేస్' అని ఒక ఏర్పాటుంది, సలహాదారు ద్వారా అప్లై చేసుకుంటే అర్హత ఉన్నవాళ్ళకి అరవై రోజులపాటు చాలా రకాల బాకీల మీద వడ్డీ, వసూలు చర్యలు ఆగుతాయి. ఆ పేరు చూడండి, ఊపిరి తీసుకునే చోటు. కాస్త ఊపిరి ఆడితేనే మనిషి దారి వెతుక్కోగలడని ఒక ప్రభుత్వమే ఒప్పుకుని రూల్ రాసింది. మన ఫోన్ కాంటాక్ట్ లిస్ట్‌లో ఉన్నవాళ్ళకి పరువు తీసే మెసేజ్‌లు పెట్టడం, ఫోటోలు మార్ఫ్ చేసి పంపుతామనడం లాంటివి ఐతే వసూలు కాదు నేరం, స్క్రీన్‌షాట్ తీసి, నంబర్ రాసి పెట్టి పోలీసుల దగ్గరికి వెళ్ళాలి, బాకీ ఉన్నాం కదా మనకేం మొహం అనుకోవద్దు, బాకీ ఉన్నవాడికి కూడా కంప్లైంట్ ఇచ్చే హక్కు పూర్తిగా ఉంటుంది.

ఫోన్ ఎత్తాక ఏం మాట్లాడాలి అనేది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మనం చేసే పెద్ద పొరపాటు తారీకు చెప్పడం. 'ఎప్పుడు కడతావ్' అని మూడుసార్లు గద్దించేసరికి నోటికొచ్చిన తారీకు చెప్పేస్తాం, సోమవారం వేస్తాను సార్ అని. ఆ మాట చెప్పింది డబ్బుందని కాదు, ఆ కాల్ అయిపోవాలని. సోమవారం రాదా, వస్తుంది, డబ్బు రాదు, అప్పుడు అవతలివాడి చేతికి కొత్త కర్ర ఇచ్చినట్టు, 'మాట తప్పావ్' అంటాడు, అది నిజం కాబట్టి మనకి లోపల గుచ్చుకుంటుంది. ఇలా పది సోమవారాలు గడిస్తే నేను అబద్ధాలకోరుని అని మనమే నమ్మేస్తాం. తర్వాత నేను ఒకటే మాట రాసి ఫోన్ వెనకాల అతికించుకున్నాను, 'ఇప్పుడు నా దగ్గర లేదు, నా లెక్క చూసుకుని ఎంత కట్టగలనో రాసి పంపిస్తాను, మీది కూడా రాసి పంపండి'. అవతల ఏమన్నా మళ్ళీ అదే. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, చదివినట్టు. నాలుగోసారికి వాళ్ళకే విసుగొస్తుంది. పంపించే అంకె మాత్రం నిజంగా కట్టగలిగేదై ఉండాలి, చిన్నదైనా పర్లేదు, తప్పకూడదు.

నోరు మూయించడానికి ఇంకో చోట అప్పు చెయ్యడం గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలుసు, అయినా చేస్తాం, రెండు రోజులు ప్రశాంతంగా ఉంటుంది, మూడో రోజు నుంచి కొత్త గొంతు మొదలవుతుంది.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టం. భార్యకో భర్తకో చెప్తే కోపం వస్తుంది, వస్తుందండీ, రాదని అబద్ధం చెప్పను. కానీ వాళ్ళకి ఎక్కువ తగిలేది అప్పు కన్నా ఇన్నాళ్ళు దాచడం, దాచే ప్రతి నెలా ఆ రెండోది పెరుగుతుంది. చెప్పేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పకండి, ఈ వారం ఒక బాకీ, వచ్చే నెల ఇంకోటి బయటపడితే నమ్మకం రెండుసార్లు విరుగుతుంది, కాగితం ముందు పెట్టి మొత్తం ఒకేసారి చెప్పెయ్యాలి.

స్నేహితుల దగ్గర, చుట్టాల దగ్గర తీసుకున్నది ఇంకో రకం. వాళ్ళు అరవరు. కాబట్టి లైన్లో వాళ్ళు చివరికి పోతారు, మన సొంత డాక్టరు ఖర్చు లాగా, పిల్లల ఫీజు లాగా, ఏదీ నోరు తెరిచి అడగదు కదా. అరిచేవాళ్ళకి కట్టీ కట్టీ, అరవకుండా మనల్ని నమ్మి ఇచ్చిన మనిషి ఎదురొస్తే రోడ్డు దాటేసి తప్పుకుంటాం. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఇదే, బ్యాంకులతో సెటిల్ అయ్యింది, ఒక ఫ్రెండ్‌తో మాటలు మాత్రం తిరిగి రాలేదు. వాడికి డబ్బు ఇవ్వలేకపోయినా నెలకొక మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది, 'ఇంకా కుదర్లేదు, మర్చిపోలేదు' అని.

ఒక్కటి మాత్రం నెమ్మదిగా చదవండి. అప్పుల ఒత్తిడికీ డిప్రెషన్‌కీ, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలకీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి, అప్పు వల్ల దిగులా దిగులు వల్ల అప్పా అనేది తేల్చడం కష్టం, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. 'నేను లేకపోతే వీళ్ళకి ఈ గోల ఉండదు' అనే లెక్క బుర్రలో మొదలైందంటే అది అలిసిపోయిన బుర్ర వేసిన తప్పు లెక్క, పైన చెప్పిన పరీక్షల్లో మార్కులు పడిపోయిన అదే బుర్ర. అప్పుని మాట్లాడుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కోర్టు దాకా వెళ్ళినా దానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆ ఆలోచన వస్తే ఆ రోజు లెక్కలు పక్కన పెట్టి, దగ్గరున్న మనిషికి ఆ ముక్క ఉన్నదున్నట్టు చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఇండియాలో ఉంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, వేరే దేశంలో ఉంటే అక్కడి హెల్ప్‌లైన్‌కి చెయ్యండి.

ఆ మధ్యాహ్నం రెండు గంటల ఆయన సంగతి చెప్పి ఆపేస్తాను. లెక్క రాసుకున్న వారానికి ఒక రోజు ఒంటిగంటన్నరకి ఆయన చెయ్యకముందే నేనే చేశాను. నంబర్ నొక్కేటప్పుడు చెయ్యి వణికింది. నెలకి ఇంత కట్టగలను, ఇంతకన్నా కుదరదు, మెయిల్ పెట్టాను చూడండి అన్నాను. ఆయన కొంచెంసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మామూలు గొంతుతో, 'మెయిల్ ఏ అడ్రస్‌కి పెట్టారు సార్' అన్నాడు. మామూలు గొంతు. ఆయనకి అలాంటి గొంతు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.